ఛాయ్ తాగేదాకా ముట్టొద్దు

నాచారం,
24 అక్టోబరు 2005.

చిదంబరం సారుకు నమస్కారాలు.

మీకు ఫోను చేస్తే మీ చెల్లెలు కనకమహాలక్ష్మిగారు ఎత్తారు. "అన్నయ్యకి చెవులు బొత్తిగా పనిచేయడం లేదమ్మా, ఉత్తరం రాయి, చదువుకుంటాడు" అన్నారు. పదో తరగతి తర్వాత నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. సైన్సు మాస్టారైనా మాకు ఉత్తరం రాయడం నేర్పింది మీరే కాబట్టి ఇందులో తప్పులుంటే అవి మీ ఖాతాలోవే.

చెల్లెలుగారి కాలు విరిగిందని తెలిసి మీరు హనుమకొండకు పరిగెత్తారు. పోతూ పోతూ మీ పద్మిని కారు తాళంచెవి మా అమ్మ చేతిలో పెట్టి, "దీని సంగతి ఇక దేవుడు చూసుకుంటాడు" అని వెళ్ళారట. దేవుడికి తీరిక లేనట్టుంది, నేనే చూశాను. ఉప్పల్‌లో ఎవరో మెకానిక్కు మీతో ఇంజన్ ఖతమైంది, తూకానికి అమ్ముకోండి అన్నాడని అమ్మ చెప్పింది. ఆయన బానెట్ ఎత్తాడో లేదో నాకు అనుమానమే. ఇంజన్ దిట్టంగా ఉంది. పోయినవి రబ్బరు మౌంటింగులు. ఇంజన్‌కు చెరో పక్కన ఒకటి, గేరుబాక్సు కింద ఒకటి ఉంటాయి. బరువు మోసేవీ, కుదుపు మన దాకా రాకుండా ఆపేవీ అవే. మూడూ ఉబ్బి, చీలి, ఇనుము ఇనుముకు తగులుతోంది. అమ్మను బానెట్ ముందు నిలబెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, క్లచ్చు కొద్దిగా వదిలాను. అమ్మ రెండడుగులు వెనక్కి గెంతింది. "గదేందే, లోపల బర్రె లేస్తున్నట్టున్నది" అంది. మా అమ్మ శంకరమ్మకు మెకానిజం రాదు గానీ రోగం పేరు సరిగ్గానే చెప్పింది.

ఇప్పుడు అసలు సంగతి. మా నాయన పోయి నాలుగు నెలలైంది. షెడ్డు జాగాలో సగం మా చిన్నాయన బుచ్చిరాములుది. ఆయన మొన్న తెల్ల పంచె దులుపుకుంటూ వచ్చి కూర్చున్నాడు. "ఆడివిల్ల షెడ్డు నడిపిస్తదంటే ఎవడు బండి తెస్తడే? టైల్స్ గోదాముకు అడుగుతున్నరు, ఇచ్చేద్దాం" అన్నాడు. ఆరేళ్ళు నాయన దగ్గర పని నేర్చుకున్నానన్నాను. ఆయన మీ కారు వంక చూశాడు. "గా సారు బండిని శివరాత్రి లోపల కీసరగుట్ట ఎక్కియ్యి. నేను ఎన్క సీట్ల కూసుంట. ఎక్కితే షెడ్డు జోలికి రాను. ఎక్కకపోతే తాళం నా చేతుల పెట్టు." సరేనన్నాను. మీ కారు మీద మిమ్మల్ని అడగకుండానే పందెం కాసేశాను. తిట్టదలిస్తే ఉత్తరంలో తిట్టండి.

ఒక్కటి మాత్రం అంతుపట్టడం లేదు. రబ్బర్లు పాతబడితే ఎండిపోయి పగులుతాయి. ఇవి మెత్తబడి ఉబ్బాయి, కిరసనాయిలు వాసన కొడుతున్నాయి. బండిని ఎవరు కడిగేవారు సార్?

మీ విద్యార్థిని,
విజయశ్రీ


హనుమకొండ,
2 నవంబరు 2005.

చి. విజయశ్రీకి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. తప్పులు నాలుగున్నాయి. నీ చేతివేళ్ళ నూనె మరకలు తొమ్మిదున్నాయి. మొత్తానికి పాసు చేశాను.

ఇక్కడ వంట నాదే. చెల్లాయి మంచం మీద నుంచే హెడ్మాస్టరులాగా హుకుములు జారీ చేస్తోంది. నిన్న పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. నాకు వినపడదు గనుక ఆ తిట్లన్నీ వృథా.

కారు నీ ఇష్టం. విప్పు, మార్చు, గుట్ట ఎక్కించు. చెవులు పోయిన తర్వాత నాకు బండి గురించి తెలిసేదల్లా ఒంటికి తగిలేదే. ఏడాదిగా స్టీరింగు పట్టుకుంటే భుజాల దాకా వణుకు. బండి ముసలిదైపోయింది, నేనూ అంతే అనుకుని నోరు మూసుకున్నాను. ఇంజన్ బాగుందని నువ్వు రాసిన వాక్యం మూడుసార్లు చదివాను.

కిరసనాయిలు సంగతి నాకు తెలియదు. వానలకు ఏదో అయ్యుంటుంది.

బుచ్చిరాములు చేత పందెం కాగితం మీద రాయించుకోవలసింది. అయినా అతను పంచెకట్టు మనిషి, మాట తప్పడులే.

ఆశీస్సులతో,
చిదంబరం


నాచారం,
5 డిసెంబరు 2005.

సారుకు నమస్కారాలు.

పుత్లీబౌలి స్పేరుపార్టుల బజారుకు వెళ్ళి కొత్త మౌంటింగులు మూడూ తెచ్చాను. మార్చాను. పని మూడు గంటల్లో పూర్తయింది. బండి బాగుంది. అమ్మ మిమ్మల్ని అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు,
విజయశ్రీ


హనుమకొండ,
14 డిసెంబరు 2005.

చి. విజయశ్రీకి ఆశీస్సులు.

తొమ్మిదో తరగతిలో నువ్వు హోంవర్కు చేయని రోజున నోటుబుక్కు చాలా శుభ్రంగా ఉండేది. అట్టకు కొత్త కాగితం వేసుకొచ్చేదానివి. ఈ ఉత్తరమూ అలాగే ఉంది. ఒక్క నూనె మరక లేదు, అమ్మ అన్న మాట ఒక్కటీ లేదు, నన్ను ఎగతాళి చేసింది అసలే లేదు. బండి బాగుంటే నువ్వు నాలుగు పేజీలు రాసేదానివి. ఏమైందో చెప్పు.

నువ్వు చెప్పడానికి తేలికగా ఉంటుందని ముందు నా తప్పు నేను ఒప్పుకుంటాను. కిరసనాయిలు నా పనే. ఇరవై ఏళ్ళుగా ప్రతి ఆయుధపూజకీ ముందు రోజు బానెట్ ఎత్తి, ఇంజన్‌ను లీటరు కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తళతళలాడేలా తుడిచి, అప్పుడు పసుపు కుంకుమ పెట్టేవాణ్ణి. మురికి ఇంజన్‌కి బొట్టు పెట్టడానికి మనసు ఒప్పేది కాదు. అదంతా కిందికి కారి రబ్బర్ల మీద పడుతుందని సైన్సు మాస్టారినైన నాకు తట్టలేదు. మీ నాన్న ఆగయ్య ఒకసారి వాసన పట్టి "సారు, ఎవలు కడిగిన్రు?" అని అడిగాడు. తెలియదన్నాను. నీకూ అదే చెప్పాను. తండ్రికీ కూతురికీ ఒకే అబద్ధం చెప్పిన ఘనత నాది.

ఇప్పుడు నీ వంతు.

ఆశీస్సులతో,
చిదంబరం


నాచారం,
22 డిసెంబరు 2005.

సారుకు నమస్కారాలు.

చదివి నవ్వాను, తర్వాత ఏడ్చాను. అమ్మ భయపడింది. ఇరవై ఏళ్ళు భక్తిగా పూజ చేసి మూడు రబ్బర్ల ప్రాణం తీశారన్న మాట. ఇకమీదట ఆయుధపూజకు తడి గుడ్డ చాలు సార్, దేవుడేమీ అనుకోడు.

నిజం రాస్తున్నాను. బండి ముందుకన్నా అధ్వాన్నంగా ఉంది. కొత్త రబ్బర్లు, కొత్త బోల్టులు. అయినా స్టార్ట్ చేస్తే అద్దం వణికి వెనక రోడ్డు రెండుగా కనపడుతోంది. క్లచ్చు వదిలితే బండంతా కొట్టుకుంటోంది. రెండుసార్లు విప్పాను, రెండుసార్లు బిగించాను. అంతే.

ఎలా చేశానో దాచకుండా రాస్తాను, మీకేమైనా తోస్తుందేమో. ఇంజన్ కింద చెక్క పెట్టి జాక్‌తో లేపాను. పాతవి తీశాను. ముందు రెండూ పెట్టి గట్టిగా బిగించేశాను. వెనక గేరుబాక్సుది బోల్టు రంధ్రంలోకి రాలేదు. గడ్డపారతో గేరుబాక్సును పక్కకు నెట్టి ఎక్కించాను. అదీ బిగించి జాక్ దించాను. చిన్నాయన ఎదురుగా కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. అందుకని, మగ మెకానిక్కులు ఆగినట్టు, మధ్యలో ఛాయ్ కోసం కూడా ఆగలేదు. ఒక్క ఊపున చేశాను. స్టార్ట్ చేసినప్పుడు ఆయన ముఖం చూడాలి. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "ఇగ చాలు బిడ్డ" అని లేచిపోయాడు.

నిన్న గోదాము వాళ్ళ మనిషి టేపు పట్టుకుని వచ్చాడు. గోడలు కొలిచాడు. నాయన స్పానర్లు తగిలించే చెక్క పలక కూడా కొలిచాడు, అది తీసేస్తే ఎంత జాగా వస్తుందో చూడడానికి. నేను అక్కడే నిలబడి ఉన్నాను సార్. నాకు ఈ షెడ్డు తప్ప ఇంకే పనీ రాదు. ఇంకే పనీ వద్దు కూడా. నాయన నాకు కార్బురేటరు నేర్పాడు, బ్రేకులు నేర్పాడు, చెవి పెట్టి ఇంజన్ రోగం చెప్పడం నేర్పాడు. మౌంటింగుల పని వచ్చినప్పుడల్లా మాత్రం సరిగ్గా సగంలో నన్ను ఛాయ్‌కి పంపేవాడు. ఆడపిల్లకు బరువు పని ఎందుకనుకునేవాడేమో. అప్పుడు కోపం వచ్చేది, ఇప్పుడూ వస్తోంది.

విజయశ్రీ


హనుమకొండ,
3 జనవరి 2006.

చి. విజయశ్రీకి ఆశీస్సులు.

నీ ఉత్తరం మధ్యాహ్నం చదివాను. చారు పోపు పెడుతుండగా ఒక మాట మనసులో అడ్డం తిరిగి, పోపు మాడ్చేశాను. చెల్లాయి ఏదో అంది. స్టవ్వు ఆర్పి ఉత్తరం మళ్ళీ తీశాను. ఆ మాట, "మధ్యలో ఛాయ్ కోసం కూడా ఆగలేదు".

శ్రద్ధగా చదువు. నేను మీ పక్కన చిల్కానగర్‌లో ఉన్న ఇరవై ఏళ్ళలో నా సాయంత్రాలు సగం మీ నాన్న షెడ్డులో, ఆ మూడుకాళ్ళ స్టూలు మీద గడిచాయి. మౌంటింగులు మార్చడం కనీసం అయిదారుసార్లు చూశాను, రెండుసార్లు నా బండికే. అప్పటికి చెవులు బాగానే ఉన్నాయి. కొత్తవి పెట్టిన తర్వాత ఆగయ్య బోల్టులన్నీ చేతివేళ్ళతో తిప్పి వదిలేసేవాడు. స్పానరు ముట్టేవాడు కాదు. అప్పుడు నిన్ను పిలిచి "బిడ్డా, ఛాయ్ తేపో" అనేవాడు. నువ్వు ఫ్లాస్కు పట్టుకుని చౌరస్తా ఇరానీ హోటలుకు వెళ్ళేదానివి. అతను జాక్ దించేసి, ఇంజన్ స్టార్ట్ చేసి, బండిని ఒక మూర ముందుకీ ఒక మూర వెనక్కీ జరిపి, దాన్ని అలా నడుస్తూ వదిలి నా పక్కన కూర్చునేవాడు.

నాకేమో ఇంటికి వెళ్ళే తొందర. ఒకసారి విసుక్కున్నాను కూడా. "బోల్టులు బిగించి తాగొచ్చు కదా ఆగయ్యా." మీ నాన్న జవాబు నాకు మాట మాటా గుర్తుంది.

"సారు, మీరు కొత్తింట్ల దిగిన్రనుకోండి. మంచం ఏ మూలకేస్తే మంచిగ నిద్ర పడ్తదో మొదటి దినమే తెలుస్తదా? పండుకుంటరు, జర గిటు జరుపుతరు, గటు జరుపుతరు. ఇంజన్ గంతే. దాని బరువు అది దించుకొని, దాని జాగ అదే సూస్కుంటది. మనం ముందే బిగిస్తే రబ్బరు మెలితిరిగి పట్టుకుంటది, ఇంజన్ ఎగిరేదంత మన నెత్తికొస్తది. ఛాయ్ తాగేదాకా ముట్టొద్దు."

నువ్వు ఛాయ్ తెచ్చేవేళకి ఇంజన్ నడుస్తూ ఉండేది. తాగడం అయ్యాక అతను ఇంజన్ ఆపి, కిందికి దూరి బిగించడం నువ్వు చూసే ఉంటావు. ఇంకోసారి సరిచూసుకుంటున్నాడు అనుకుని ఉంటావు. కాదమ్మా, బిగించడం అదే మొదటిసారి. నేనూ ఇన్నేళ్ళు అది ఛాయ్ విరామం అనుకున్నాను. అది పనిలో భాగం.

ఇంకొకటి. నిన్ను ఎందుకు పంపుతావని కూడా అడిగాను. "జాక్ దించేటప్పుడు చెయ్యి నలుగుతది సారు. పిల్లకు అప్పుడే ఒద్దు. జర పెద్దగ కానీ. ఒకనాడు ఛాయ్‌కి ఇంకొకలను పంపి, దాన్ని గీడ కూసోబెడ్త" అని నేను కూర్చున్న స్టూలు చూపించాడు. ఆ రోజు రాకముందే వెళ్ళిపోయాడు. నువ్వు ఆడపిల్లవని కాదు, అతని పిల్లవని పంపాడు.

నువ్వు రాసిన మూడింటి తర్వాత ఈ నాలుగో పాఠం మిగిలిపోయింది. పోస్టులో పంపుతున్నాను. మళ్ళీ విప్పు.

చిదంబరం


నాచారం,
19 జనవరి 2006.

సారుకు వెయ్యి నమస్కారాలు.

నాలుగు పేజీలు రాస్తున్నాను, మరకలు లెక్కపెట్టుకోండి.

మీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. అమ్మ లేచి ఫ్లాస్కు కడిగింది. "నేను పోత ఛాయ్‌కి. నువ్వు గీడనే కూసో" అంది. నా జన్మలో మొదటిసారి ఆ షెడ్డులో ఛాయ్‌కి వెళ్ళని మనిషిని నేనయ్యాను.

చీలిన అంచులేమైనా ఉన్నాయేమోనని కొత్త రబ్బర్లను ఒకసారి చూశాను, బాగానే ఉన్నాయి. బోల్టులన్నీ వేళ్ళతో తిప్పి వదిలాను. గడ్డపారను బయట పారేశాను. ఈసారి గేరుబాక్సు బోల్టు దానంతట అదే రంధ్రంలోకి జారింది, ముందువి వదులుగా ఉన్నాయి కదా. జాక్ దించాను. స్టార్ట్ చేసి మూర ముందుకు, మూర వెనక్కి. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

మొదట ఇంజన్ ఊగింది. చెయ్యి స్పానరు మీదికి పోతోంది సార్, చేతులు పిసుక్కుంటూ కూర్చున్నాను. కాసేపటికి ఎడమ పక్కన మౌంటింగు చిన్నగా జరిగింది. నా కళ్ళ ముందే జరిగింది, నేను ముట్టుకోలేదు. తర్వాత కుడిది. తర్వాత ఊపు తగ్గి, ఒక పద్ధతిలోకి వచ్చింది. అమ్మ వచ్చింది. ఇద్దరం ఛాయ్ తాగాం. నేను ఎన్నో వందల కప్పులు మోసిన ఆ ఛాయ్ ఎంత మంచిదో అప్పుడే తెలిసింది. తాగి, కప్పు కింద పెట్టి, ఇంజన్ ఆపి, కిందికి దూరి బిగించాను.

మళ్ళీ స్టార్ట్ చేస్తే ముందు ఇంజన్ ఆగిపోయిందేమో అనుకున్నాను. చప్పుడు ఉంది, వణుకు లేదు. అద్దంలో రోడ్డు ఒక్కటే కనపడుతోంది. దానిలో మల్లాపూర్ బస్సు, దాని వెనక రాసిన అక్షరాలు కూడా తిరగేసి చదివాను. అమ్మ బానెట్ మీద అరచెయ్యి పెట్టి, "బర్రె పండుకున్నది" అంది.

నాయన మీద కోపం పోయింది. చాలా సంతోషంగా ఉంది సార్. నాయన ఉంటే ఎంత బాగుండేదో అని కూడా ఉంది. రెండూ ఒకేసారి ఉన్నాయి.

గుట్ట ఇంకా మిగిలే ఉంది. చిన్నాయనకు కబురు పెట్టాను. "సరే, శివరాత్రి ముందు సోమవారం పోదాం" అన్నాడు.

విజయశ్రీ


నాచారం,
21 ఫిబ్రవరి 2006.

సారుకు,

నిన్న కీసరగుట్ట ఎక్కాం.

వరసగా చెప్తాను. పొద్దున ఏడింటికి చిన్నాయన ఇస్త్రీ పంచెలో వచ్చాడు. చేతిలో మూత పెట్టిన చెంబు, ఒక స్టీలు గ్లాసు. అవేందని అడిగితే "సూస్తవు గద" అన్నాడు. అమ్మ ముందు సీట్లో, ఆయన వెనక. మల్లాపూర్, ఈసీఐఎల్ దాటాం. నాగారం దాటాక చిన్నాయన కిటికీ మీద చెయ్యి ఆనించి, తీసి, మళ్ళీ ఆనించాడు. అద్దం వణకడం లేదని చూసుకుంటున్నాడు. నేను అద్దంలో ఆయన్ని చూస్తున్నాను.

గుట్ట రోడ్డు సగం ఎక్కాక "ఆపు" అన్నాడు. బాగా ఏటవాలుగా ఉన్న చోట. హ్యాండ్ బ్రేకు వేశాను. ఆయన చెంబు మూత తీసి గ్లాసులో అంచుదాకా మజ్జిగ పోశాడు. పోసి, పంచె మీద మోకాలి దగ్గర పట్టుకున్నాడు. "ఇగ ఎత్తు బండిని. నా పంచె మీద సుక్క పడ్డదా, షెడ్డు నాది."

బండిని ఎత్తు మీద నిలబెట్టి మళ్ళీ కదిలించడం కన్నా మౌంటింగులకు కష్టమైన పరీక్ష లేదు సార్. క్లచ్చు పట్టుకునే క్షణంలో ఇంజన్ అంతా ఒక పక్కకు విరుచుకుపడుతుంది. మెకానిక్కు కానివాడికి ఈ సంగతి ఎట్లా తెలిసిందో. నాయన పక్కన ముప్పై ఏళ్ళు ఊరికే కూర్చోలేదన్న మాట. అమ్మ కళ్ళు మూసుకుంది. ఒక్క మాట అనుకున్నాను, దాని జాగ అదే చూసుకుంటుంది అని. క్లచ్చు వదిలాను.

పద్మిని లేచింది సార్. బర్రె లేచినట్టు కాదు, మనిషి లేచినట్టు లేచింది. మొదటి గేరు, రెండో గేరు, గుడి మలుపు, గుడి ముందు చదును. బ్రేకు వేసి వెనక్కి తిరిగాను. గ్లాసు అంచుదాకా అట్లాగే ఉంది. పంచె తెల్లగా ఉంది. చిన్నాయన గ్లాసు వంక చూసి, నా వంక చూసి, మజ్జిగ గటగటా తాగేసి మూతి తుడుచుకున్నాడు. "ఉప్పు ఎక్కువైంది" అన్నాడు. అమ్మ పకపకా నవ్వింది. నాయన పోయాక అమ్మ నవ్వడం ఇదే మొదలు.

దర్శనం చేసుకుని మెట్లు దిగుతుంటే చిన్నాయన నా పక్కకు వచ్చాడు. జేబులోంచి తాళంచెవి తీశాడు. షెడ్డుదేమో అనుకున్నాను. ఆయన స్కూటరుది. "ఆర్నెల్ల సంది మొరాయిస్తున్నది. ఎవలకు సూపెట్టిన ఇంజన్ పోయిందంటున్నరు. రేపు తెస్త, జర సూడు" అన్నాడు. తాళంచెవి నా చేతిలో పెట్టి, "మీ నాయిన ఉంటే నీకే ఇయ్యమంటుండె" అన్నాడు. గోదాము వాళ్ళకు సాయంత్రమే కాదని చెప్పేశాడు.

ఈ రోజు పొద్దున షెడ్డు తలుపు తీస్తే బయట మూడు బండ్లున్నాయి. కబురు గుట్ట దిగకముందే నాచారం చేరినట్టుంది. అందులో ఒకటి అంబాసిడరు. దానికీ మౌంటింగులే. బోర్డుకు కొత్త రంగు వేయిస్తున్నాను. "ఆగయ్య మోటార్ వర్క్స్" అట్లాగే ఉంటుంది, కింద నా పేరు.

మీ బండి సిద్ధం. ఎప్పుడు వస్తారు?

విజయశ్రీ


హనుమకొండ,
1 మార్చి 2006.

చి. విజయశ్రీకి ఆశీస్సులు.

నీ ఉత్తరం చెల్లాయికి గట్టిగా చదివి వినిపించాను. ఎంత గట్టిగానో నాకు తెలియదు గానీ, పక్కింటివాళ్ళు కూడా గోడ మీదికి వచ్చి విన్నారు. మజ్జిగ దగ్గర అందరూ చప్పట్లు కొట్టారు, అది మాత్రం చూశాను.

చెల్లాయి కర్ర సాయంతో నడుస్తోంది. నా వంట నుంచి తప్పించుకోవడానికే అంత త్వరగా లేచిందని నా నమ్మకం. వచ్చే ఆదివారం పొద్దున బస్సులో బయల్దేరి ఉప్పల్ రింగురోడ్డు దగ్గర దిగుతాను. పద్మినిలో రా. ఇంజన్ నడుస్తూండగా బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. నాకు చప్పుడు వినపడకపోయినా, అది కుదురుగా ఉందో లేదో చెయ్యి చెబుతుంది.

అక్కణ్ణుంచి తిన్నగా షెడ్డుకే పోదాం. ఆ అంబాసిడరు మౌంటింగులు నేను వచ్చేదాకా ఆపు. కొత్తవి పెట్టి, బోల్టులు వేళ్ళతో తిప్పి, వదులుగా వదిలెయ్యి. స్టార్ట్ చేసి స్టూలు మీద కూర్చో. స్టూలు నాది అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ, అది నీదేనట.

ఫ్లాస్కు మాత్రం నాకివ్వు. ఛాయ్‌కి నేను వెళ్తాను.

ఆశీస్సులతో,
చిదంబరం